రన్నర్ థర్డ్ మీద ఉన్నాడని ఇన్‌ఫీల్డ్‌ని ముందుకు లాగాలా? ముందు షార్ట్‌స్టాప్ సంగతి చూడు

గుంటూరు నుంచి ఒక తమ్ముడు అడిగింది ఇది: విజయవాడ, గుంటూరు కుర్రాళ్లు కలిసి అవుట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్ అనే, జట్టుని నడిపే కంప్యూటర్ ఆటలో ఆన్‌లైన్ లీగ్ ఆడుతున్నారు. ఇతని జట్టు పరుగులు చేయడంలో లీగ్‌లో ముందుంది, పరుగులు ఇవ్వడంలోనూ ముందే ఉంది. పిచర్ల రేటింగులు బాగానే ఉన్నాయి. జట్టులో ఎక్కువ హోమ్ రన్లు కొట్టేవాడిని షార్ట్‌స్టాప్‌లో, అంటే సెకండ్, థర్డ్ బేసుల మధ్య చోట పెట్టాడు. థర్డ్ బేస్ మీద రన్నర్ కనపడితే చాలు, ఇన్‌ఫీల్డ్ (బేసుల దగ్గర నిలబడే నలుగురు) మొత్తం ముందుకొచ్చేలా సెట్టింగుల్లోని స్లైడర్ పూర్తిగా జరిపేశాడు. ఎడమచేతి బ్యాటర్లందరికీ షిఫ్ట్ (ఫీల్డర్లని ఒక వైపుకి ఎక్కువగా జరపడం) పెట్టాడు. "ఫీల్డింగ్ సెట్టింగుల్లో ఏం మార్చాలి అన్నా?" అని ప్రశ్న.

తమ్ముడూ, సెట్టింగుల జోలికి తర్వాత వెళ్దాం. జబ్బు ఫీల్డింగ్‌దేనా కాదా అన్నది ముందు తేల్చుకో. జట్టు పిచింగ్ గణాంకాల్లో బీఏబీఐపీ అని ఒక అంకె ఉంటుంది. హోమ్ రన్లు, స్ట్రైకౌట్లు పోగా మైదానంలో పడ్డ బంతుల్లో ఎన్ని హిట్లు అయ్యాయో అది చెబుతుంది. లీగ్ సగటు .295 ఉండి నీది .310 ఉందనుకో. చూడటానికి వెంట్రుకవాసి తేడా. కానీ మ్యాచ్‌కి సుమారు 26 బంతులు ఫీల్డర్ల మీదికి వస్తాయి. 162 మ్యాచ్‌లకి 4,200 బంతులు. అందులో .015 అంటే 63 హిట్లు. ఔట్ కావాల్సిన బంతి సింగిల్ (బ్యాటర్ ఫస్ట్ బేస్ చేరే హిట్) అయిపోతే సగటున ముప్పావు పరుగు పోతుంది. సింగిల్ విలువ దాదాపు 0.47 పరుగు, ఔట్ విలువ దాదాపు మైనస్ 0.27, ఆ రెండింటి మధ్య దూరం అన్నమాట. 63 హిట్లకి 47 పరుగులు. పది పరుగులకి ఒక గెలుపు అన్నది మోటు లెక్కే అయినా బాగా నిలబడే లెక్క. కాబట్టి అక్కడ పోయేది దాదాపు అయిదు గెలుపులు. ఒకవేళ నీ బీఏబీఐపీ లీగ్ సగటు దగ్గరే ఉంటే ఫీల్డర్లని వదిలేయ్. బాధ నడకలదీ (నాలుగు చెడ్డ బంతులకి బ్యాటర్‌కి ఊరికే దక్కే ఫస్ట్ బేస్) హోమ్ రన్లదీ. ఆ రెండింటినీ ఏ ఫీల్డరూ ఆపలేడు.

నువ్వు చెప్పిన అమరిక చూస్తే మాత్రం ఫీల్డింగ్‌దే అనిపిస్తోంది. క్రికెట్ చూసి పెరిగిన మనందరం మొదట్లో చేసే రెండు తప్పులూ ఇందులో ఉన్నాయి. ఒకటి, బంతి అందుకోలేని వాడిని ఎక్కడో ఒకచోట దాచేయొచ్చు అనుకోవడం. క్రికెట్‌లో దాచొచ్చు. ఓవర్ ఓవర్‌కీ ఫీల్డ్ మారుతుంది, మనిషి మిడాన్ నుంచి ఫైన్ లెగ్‌కి నడిచి వెళ్లిపోతాడు. బేస్‌బాల్‌లో మనిషి తన చోటికి కట్టుబడి ఉంటాడు, అక్కడికి ఎన్ని బంతులు వస్తాయో దాదాపు ముందే రాసి ఉంటుంది. రెండోది, పోయిన బంతి ఎటు వెళ్లిందో అటు ఫీల్డర్‌ని పంపడం. ఇన్‌ఫీల్డ్‌ని ప్రతిసారీ ముందుకు లాగడం అలాంటిదే. ఈ రెండింట్లో నీకు ఎక్కువ నష్టం చేస్తున్నది మొదటిది.

షార్ట్‌స్టాప్ దగ్గర మొదలుపెడదాం. బేస్‌బాల్ గణాంకాల రచయిత బిల్ జేమ్స్ చెప్పిన ఫీల్డింగ్ వరస ఒకటుంది, తేలిక నుంచి కష్టానికి: డీహెచ్ (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు), ఫస్ట్ బేస్, లెఫ్ట్ ఫీల్డ్, రైట్ ఫీల్డ్, థర్డ్ బేస్, సెంటర్ ఫీల్డ్, సెకండ్ బేస్, షార్ట్‌స్టాప్. క్యాచర్ ఈ వరసకి బయట, అతనిది వేరే విద్య. కష్టం వైపు నుంచి తేలిక వైపుకి ఆటగాడిని జరపడం సులువు, తేలిక నుంచి కష్టానికి ఎక్కించడం దాదాపు కుదరదు. దీన్నే పరుగుల్లో చెప్పాలంటే ఫ్యాన్‌గ్రాఫ్స్ అనే గణాంకాల సైట్ వాడే సర్దుబాటు అంకెలు చూడు. పూర్తి సీజన్‌కి క్యాచర్‌కి +12.5, షార్ట్‌స్టాప్‌కి +7.5, సెకండ్, థర్డ్, సెంటర్ ముగ్గురికీ +2.5, లెఫ్ట్, రైట్ ఫీల్డ్‌లకి −7.5, ఫస్ట్ బేస్‌కి −12.5, డీహెచ్‌కి −17.5. సగటు షార్ట్‌స్టాప్‌కీ సగటు లెఫ్ట్ ఫీల్డర్‌కీ మధ్య ఫీల్డింగ్‌లో 15 పరుగుల ఎడం ఉందని దీని అర్థం.

స్ట్రాట్-ఓ-మ్యాటిక్ ఆడినవాళ్లకి ఇది కార్డు మీదే కనిపిస్తుంది. 1961 నుంచి ఉన్న ఆ పాచికల ఆటలో పిచర్ కార్డు మీది 108 అవకాశాల్లో 30 ఫీల్డర్ రేటింగ్ మీద తేలతాయి. ఆ ముప్పైలో షార్ట్‌స్టాప్‌వి 7, సెకండ్ బేస్‌వి 6. థర్డ్, సెంటర్, క్యాచర్‌లకి తలా 3, మిగతా నలుగురికీ తలా 2. ముప్పైలో పదమూడు మధ్యలో నిలబడ్డ ఆ ఇద్దరి మీదికే వస్తున్నాయి. కంప్యూటర్ ఆటల్లో పాచికలు కనపడవు కానీ బంతుల పంపకం పోలిక ఇదే.

ఇప్పుడు నీ జట్టుకి ఒక ఊహా లెక్క వేద్దాం. నీ హిట్టర్ బ్యాట్‌తో సగటు కంటే +20 పరుగులు, షార్ట్‌స్టాప్‌గా −20. లెఫ్ట్ ఫీల్డ్‌లో ఉన్నవాడు బ్యాట్‌తో +5, ఫీల్డింగ్‌లో సున్నా. హిట్టర్‌ని లెఫ్ట్‌కి పంపి, బ్యాట్‌తో −10, షార్ట్‌లో +10 ఉన్న కుర్రాడిని తెచ్చావనుకో. బ్యాటింగ్‌లో ముందు 25 ఉన్నది 10కి పడింది, 15 పోయాయి. ఫీల్డింగ్‌లో ముందు −20. ఇప్పుడు షార్ట్‌లో +10, హిట్టర్ లెఫ్ట్‌లో −3 దాకా ఉంటాడనుకుంటే మొత్తం +7. వచ్చినవి 27. నికరంగా 12 పరుగులు, ఒక గెలుపు పైన. పైగా బ్యాట్ లేని షార్ట్‌స్టాప్ ట్రేడ్ మార్కెట్‌లో చౌకగా దొరుకుతాడు. మీ లీగ్‌లో అందరూ హోమ్ రన్ల వెంట పడుతుంటే మరీ చౌక.

ఆ కుర్రాడిని ఎంచుకునేటప్పుడు ఫీల్డింగ్ శాతం చూడకు. తప్పు చేయాలంటే ముందు బంతి దగ్గరికి చేరాలి, చేరలేనివాడి ఖాతాలో ఎర్రర్ ఉండదు. ఇన్‌ఫీల్డ్ రేటింగుల్లో షార్ట్‌స్టాప్‌కి రేంజ్ (ఎంత దూరపు బంతిని చేరగలడు) మొదట, ఆర్మ్ (విసురు బలం) తర్వాత, ఎర్రర్ రేటింగ్ ఆ తర్వాత. సెకండ్ బేస్‌కి రేంజ్, డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరిని ఔట్ చేయడం) తిప్పే రేటింగ్. థర్డ్ బేస్‌కి ఆర్మ్ లేకపోతే రేంజ్ ఉన్నా దండగే, అక్కణ్నుంచి ఫస్ట్‌కి విసురు పొడవు. ఎడమచేత్తో విసిరేవాడిని సెకండ్, షార్ట్, థర్డ్, క్యాచర్ చోట్ల పెట్టకు, రేటింగులు ఎంత ఊరించినా సరే. ఇన్‌ఫీల్డ్‌లో బంతి అందుకున్నాక ఫస్ట్ వైపు ఒళ్లంతా తిప్పి విసరాలి, ఆ అర క్షణంలో బ్యాటర్ బేస్ చేరిపోతాడు. ఎడమచేతి వాడికి ఫస్ట్ బేస్ మాత్రం కలిసొచ్చే చోటు.

ఇక ఇన్‌ఫీల్డ్ ముందుకు లాగడం. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి.

బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. షార్ట్‌స్టాప్ మామూలుగా హోమ్ ప్లేట్‌కి 145 అడుగుల దూరాన నిలబడ్డాడనుకో. నేలబారుగా వచ్చే గట్టి బంతి సగటున సెకనుకి 110 అడుగులు వస్తే అతని దగ్గరికి చేరడానికి 1.3 సెకన్లు. బంతి ఎటో పోల్చుకోవడానికి 0.4 సెకను పోతే మిగిలిన 0.9 సెకనులో పక్కకి 14 అడుగులు పరిగెడతాడు. హోమ్ ప్లేట్ నుంచి చూస్తే ఆ 14 అడుగులు ఒక్కో వైపు అయిదున్నర డిగ్రీలు. ఇప్పుడు అతన్ని 105 అడుగులకి లాగు. బంతి ఇంకా వేగం కోల్పోలేదు, 0.9 సెకనులో మీదికొస్తుంది. పోల్చుకోవడానికి అదే 0.4 పోయింది. పరిగెత్తడానికి మిగిలింది అర సెకను, దక్కింది 7–8 అడుగులు, నాలుగు డిగ్రీల చిల్లర. అంటే అతను కాపలా కాసే వాటాలో నాలుగోవంతు గాలికి పోయింది. నలుగురికీ అదే జరిగితే మధ్య సందులు ఎంత వెడల్పవుతాయో ఊహించుకో. మెత్తగా మైదానం మధ్యకి తేలి పడే బంతులూ వెనక ఖాళీలో పడతాయి.

ఆ నష్టానికి బదులుగా కొంటున్నది ఒక్కటే, థర్డ్ మీది రన్నర్ హోమ్‌కి రాకుండా ఆపడం. అది లాభమా కాదా అన్నది ఔట్ల సంఖ్య తేలుస్తుంది, ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. 2010–2015 మేజర్ లీగ్ పట్టికలో థర్డ్ మీద ఒక్క రన్నర్ ఉన్నప్పుడు, ఔట్లు లేకపోతే ఆ ఇన్నింగ్స్‌లో మిగిలిన పరుగుల అంచనా 1.35, ఒక ఔట్‌తో 0.95, రెండు ఔట్లతో 0.35. నేలబారు బంతి మామూలు చోట నిలబడితే నూటికి 24 హిట్, ముందుకొస్తే నూటికి 40 హిట్ అనుకుని లెక్క వేద్దాం.

ఔట్లు లేనప్పుడు మామూలు చోట: అందుకుంటే బ్యాటర్ ఔట్, పరుగు వస్తుంది, బేసులు ఖాళీ, ఒక ఔట్. వచ్చిన పరుగుకి మిగిలిన అంచనా కలిపితే విలువ 1.25. హిట్ అయితే 1.86. రెండింటినీ 76, 24 పాళ్లలో కలిపితే 1.40. ముందుకొస్తే: అందుకుంటే రన్నర్ అక్కడే ఆగుతాడు, బ్యాటర్ ఔట్, విలువ 0.95. హిట్ అయితే అదే 1.86. కలిపితే 1.31. తేడా పదోవంతు పరుగు కూడా లేదు, తేలి పడే బంతుల నష్టం కలుపుకుంటే అదీ కరిగిపోతుంది. కాబట్టి మ్యాచ్ మొదట్లో ఔట్లు లేకుండా ముందుకు లాగడం వృథా ప్రయాస.

ఒక ఔట్ ఉన్నప్పుడు చూడు. మామూలు చోట అందుకుంటే పరుగు, బేసులు ఖాళీ, రెండు ఔట్లు: 1.10. హిట్ అయితే 1.51. కలిపి 1.20. ముందుకొచ్చి అందుకుంటే 0.35, హిట్ అయితే 1.51, కలిపి 0.81. గట్టి బంతికి మామూలు చోటనుంచి కూడా రన్నర్ కొన్నిసార్లు ఆగిపోతాడు కాబట్టి తేడా ఇంత ఉండదు, అయినా ముందుకు రావడానికే మొగ్గు. రెండు ఔట్ల తర్వాత ఫస్ట్‌లో ఔట్ చేస్తే చాలు, అప్పుడు ముందుకు వస్తే అది పూర్తిగా నష్టం. నీ స్లైడర్ చివరికంటా ఉన్నందువల్ల ఆట ఔట్లు లేనప్పుడు కూడా లాగేస్తోంది. సగానికి తగ్గించు. ఇన్నింగ్స్‌నీ స్కోరునీ బట్టి వేరువేరుగా పెట్టే వీలు నీ వెర్షన్‌లో ఉంటే అది ఇంకా మేలు.

స్కోరు ఈ లెక్కని తిరగరాస్తుంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మూడు పరుగుల ముందుంటే ఆ పరుగు ఇచ్చెయ్, ఔట్ తీసుకో. నీకు కావాల్సింది మిగిలిన ఆరు ఔట్లు. స్కోరు సమంగా ఉండి తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం అయితే ఔట్లు లేకపోయినా ముందుకే రావాలి, ఎందుకంటే ఆ పరుగుతో ఆటే అయిపోతుంది. అప్పుడు అవుట్‌ఫీల్డ్‌ని కూడా ముందుకు లాగాలన్నది చాలామంది మర్చిపోతారు. లోతుగా లేచిన బంతిని పట్టుకున్నా రన్నర్ హోమ్ చేరతాడు, ఇక లోతులో నిలబడి ఏం లాభం? అదే సమయంలో ఒక అవుట్‌ఫీల్డర్‌ని ఇన్‌ఫీల్డ్‌లోకి తెచ్చి అయిదుగురిని నిలబెట్టడం కూడా నియమాల్లోనే ఉంది. ఎంఎల్‌బీ ది షో లాంటి వీడియో ఆటల్లో మ్యాచ్ మధ్యలో ఫీల్డ్ నువ్వే మారుస్తావు కాబట్టి ఈ ఘట్టంలో రెండు వరసలనీ చూసుకో. ఇన్‌ఫీల్డ్ ఒక్కటే మార్చి వదిలేయకు.

ఫస్ట్ మీద కూడా రన్నర్ ఉంటే కథ వేరు. ఫస్ట్, థర్డ్ నిండి ఒక ఔట్ ఉన్నప్పుడు డబుల్ ప్లే పడితే ఇన్నింగ్సే అయిపోతుంది, థర్డ్ నుంచి వచ్చిన పరుగు లెక్కలోకి రాదు. అక్కడ మధ్యవాళ్లిద్దరినీ డబుల్ ప్లే లోతులో ఉంచి, అంటే మామూలు కంటే నాలుగడుగులు ముందుకీ కాస్త సెకండ్ వైపుకీ జరిపి, ఫస్ట్, థర్డ్ వాళ్లని మాత్రం ముందుకు తేవచ్చు. ఇది ఫలించాలంటే నేలబారు బంతులు తెప్పించే పిచర్, డబుల్ ప్లే తిప్పగల సెకండ్ బేస్ ఇద్దరూ ఉండాలి. బంతిని గాల్లోకి లేపించే పిచర్‌తో ఈ అమరిక పెట్టి ప్రయోజనం లేదు.

ఫస్ట్, థర్డ్ బేసుల పక్క హద్దు గీతలు కాపలా కాయించడం గురించి ఎక్కువ చెప్పను. థర్డ్, ఫస్ట్ వాళ్లని గీత దగ్గరికి జరిపితే రెండు బేసుల హిట్ తగ్గుతుంది, పక్క సందులో సింగిల్ పెరుగుతుంది. ఎక్కువ బంతులు ఆ సందులోంచే వెళ్తాయి. ఆఖరి ఇన్నింగ్స్‌లో ఒక పరుగు ముందుండి, బేసులు ఖాళీగా ఉన్నప్పుడు వాడు. మిగతా మ్యాచ్ అంతా ఆపేయ్.

షిఫ్ట్‌కి వద్దాం. మీ లీగ్ నియమాలు 2023 తర్వాతవి అయితే నీ సెట్టింగ్ పేరుకే ఉంది. ఆ ఏడాది నుంచి బంతి వేసేటప్పుడు నలుగురు ఇన్‌ఫీల్డర్ల పాదాలూ ఇన్‌ఫీల్డ్ హద్దు లోపలే ఉండాలి, సెకండ్ బేస్‌కి ఒక్కో వైపున ఇద్దరేసి ఉండాలి. మిగిలిందల్లా షార్ట్‌స్టాప్‌ని సెకండ్ బేస్ పక్కదాకా జరపడమే. పాత సీజన్లు ఆడుతుంటే మాత్రం పూర్తి షిఫ్ట్ దొరుకుతుంది. బోస్టన్ హిట్టర్ టెడ్ విలియమ్స్ మీద క్లీవ్‌లాండ్ మేనేజర్ లూ బుడ్రో 1946లో పెట్టిన షిఫ్ట్ ఎంత పేరు మోసిందో బేస్‌బాల్ చరిత్ర చదివినవాళ్లకి తెలుసు. ఏ కాలమైనా సూత్రం ఒకటే. బ్యాటర్ నేలబారు బంతుల్ని ఎక్కువగా తన వైపుకి (ఎడమచేతివాడైతే కుడివైపుకి) లాగి కొడతాడు, గాల్లోవి ఎదుటి వైపుకి ఎక్కువ వెళ్తాయి. అందుకని ఇన్‌ఫీల్డ్‌నీ అవుట్‌ఫీల్డ్‌నీ ఒకే వైపుకి జరపడం తప్పు. పైగా ఎడమచేతివాళ్లందరూ లాగి కొట్టేవాళ్లు కాదు. ఆటగాడి పేజీలో నేలబారు బంతుల ధోరణి చూసి, గట్టిగా లాగేవాళ్లకే పెట్టు. వేగంగా పరిగెత్తే, బంట్ చేయగలిగే (బంతిని మెల్లగా తట్టి నేల మీద వదలగలిగే) బ్యాటర్‌కి అసలు వద్దు. ఫస్ట్ మీద రన్నర్‌ని పట్టి ఉంచేటప్పుడు ఫస్ట్ బేస్ మనిషి బేస్‌కి అతుక్కుపోతాడు, కుడివైపు సందు తెరుచుకుంటుంది. ఎడమచేతి హిట్టర్‌కి అదే కావాలి. ఆ రన్నర్ దొంగతనంగా సెకండ్‌కి పరిగెత్తే రకం కాకపోతే పట్టి ఉంచడం మానేయ్.

అవుట్‌ఫీల్డ్‌లో మైదానం కొలతలు చూడకుండా ఎవరినీ కొనకు. బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో లెఫ్ట్ గోడ గీత దగ్గర 310 అడుగులే, ఎత్తు 37 అడుగులు. నీ హిట్టర్ లాంటి వాడిని నిలబెట్టడానికి అలాంటి లెఫ్ట్ ఫీల్డ్ అచ్చంగా సరిపోతుంది. అదే పార్క్‌లో రైట్ ఫీల్డ్ లోతు, అక్కడ రేంజ్ ఉన్నవాడు కావాలి. డెన్వర్ కూర్స్ ఫీల్డ్‌లో లెఫ్ట్ 347, సెంటర్ 415, రైట్ 350. అక్కడ ముగ్గురూ పరిగెత్తేవాళ్లే అయి ఉండాలి, లేకపోతే సందుల్లో పడ్డ ప్రతి బంతీ రెండు బేసులే. నీ హోమ్ మైదానం ఏదో చెప్పలేదు, పార్క్ ఫ్యాక్టర్ల పేజీలో కొలతలు ఉంటాయి.

ఒక చిన్న మాట. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఏడింటికి మొదలయ్యే మ్యాచ్, అక్కడి వేసవి కాలంలో మనకి తెల్లవారుజామున 4:30కి వస్తుంది. ఎప్పుడైనా లేచి చూస్తే బంతిని కాకుండా, పిచర్ చెయ్యి ఎత్తే ముందు షార్ట్‌స్టాప్ ఎక్కడ నిలబడ్డాడో చూడు. రన్నర్ మారినా, ఔట్ పడినా, బ్యాటర్ మారినా ఆ రెండు మూడు అడుగులు మారుతూనే ఉంటాయి. స్లైడర్ వెనక జరిగేది అదే.

మార్పులన్నీ ఒకేసారి చేయకు. ముందు షార్ట్‌స్టాప్ ట్రేడ్, హిట్టర్‌ని లెఫ్ట్‌కి పంపడం. అతనికి అవుట్‌ఫీల్డ్ అనుభవం లేకపోతే మొదటి రోజే రేటింగ్ తక్కువ చూపిస్తుంది, కంగారు పడకు. ఆ చోట ఆడేకొద్దీ రేటింగ్ తన సహజ పరిమితి దాకా పెరుగుతుంది. పరిమితిని నిర్ణయించేది అతని అవుట్‌ఫీల్డ్ రేంజ్, ఆర్మ్. ఆ రెండూ మరీ అడుగున ఉంటే లెఫ్ట్ వద్దు, ఫస్ట్ బేస్ నేర్పించు. సీజన్ మధ్యలో ఉన్నావు కాబట్టి ఏడో ఇన్నింగ్స్ తర్వాత ముందుంటే అతని బదులు మంచి ఫీల్డర్ దిగేలా డెప్త్ చార్ట్‌లో (ఎవరి బదులు ఎవరు దిగాలో రాసే పట్టిక) పెట్టుకో. ఆధిక్యం ఒకటి రెండు పరుగులైతే మాత్రం అతని తర్వాతి బ్యాటింగ్ ఎప్పుడొస్తుందో చూసుకుని మార్చు. స్కోరు సమమై ఆట పదో ఇన్నింగ్స్‌కి వెళ్తే బ్యాట్ లేకుండా మిగిలిపోతావు.

రెండో వారం ఇన్‌ఫీల్డ్ స్లైడర్, మూడో వారం షిఫ్ట్. ఒక్కో ఆటగాడి జోన్ రేటింగ్‌ని (ఫీల్డింగ్ ఎంత బాగుందో చెప్పే అంకె) నెల రోజులకే నమ్మకు, అంత తక్కువ బంతుల్లో అదృష్టం పాలే ఎక్కువ. జట్టు మొత్తం బీఏబీఐపీని 40 మ్యాచ్‌ల తర్వాత చూడు. అప్పటికి వెయ్యి బంతులు పడి ఉంటాయి. .310 నుంచి .300 దగ్గరికి దిగి ఉంటే షార్ట్‌స్టాప్ పని చేసినట్టే. దిగకపోతే, సెకండ్ బేస్‌లో ఎవరున్నారో, నీ పిచర్లలో నేలబారు బంతులు తెప్పించేవాళ్లు ఎందరో రాసి పంపు. తర్వాత వెతకాల్సింది అక్కడే.